దాసరి సుబ్రహ్మణ్యము ధారావాహికలు: కిశోరనవల, వేసవి పఠనము

ఆంగ్లమున 'యంగ్ అడల్ట్' అని వ్యవహరింపబడు సాహిత్యశాఖకు తెలుగున స్థిరమైన పేరు లేదు. బాలసాహిత్యమను మాట ఉన్నది. దాని పిమ్మట నేరుగా నవల అను మాట వచ్చును. పండ్రెండు మొదలు పదునారేండ్ల వరకు గల పాఠకుడు ఈ రెంటి నడుమ ఏ పేరును లేని చోట నిలిచి యున్నాడు. అమెరికా గ్రంథాలయ సంఘము ఈ వయస్సువారి పఠనమునకై 1957లో ఒక ప్రత్యేక విభాగమును నెలకొల్పెను. 1967లో ఎస్. ఇ. హింటన్ రచించిన 'ది అవుట్‌సైడర్స్' ప్రకటితమైన తరువాత అచ్చట ఈ శాఖ ప్రత్యేకముగ గుర్తింపబడెను. మన విమర్శకులలో కొందరు దీనిని కౌమార సాహిత్యమనుచున్నారు. కాని సంప్రదాయజ్ఞులు చెప్పు వయోవిభాగమున కౌమారము అయిదవ ఏటితో ముగియును, పౌగండము పదవ ఏటితో ముగియును, అటుపై పదునైదవ ఏటి వరకు కైశోరము. వంగదేశీయులు కిశోరసాహిత్యమను పేరును చాలకాలముగ వాడుచున్నారు. కావున ఈ వ్యాసమున మేము కిశోరనవల అను మాటను గ్రహించితిమి.

పేరు లేకున్నను వస్తువు లేకపోలేదు. 1954 మొదలు 1980 వరకు చందమామ మాసపత్రికలో వెలువడిన పండ్రెండు ధారావాహికలు తెలుగున కిశోరనవలకు మొదటి సమగ్రమైన ఉదాహరణములని మా అభిప్రాయము. వీనినన్నింటిని వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. ఒక్క రచయిత ఒక్క వయస్సు పాఠకుల కొరకు పాతికేండ్లకు పైగ ఒక్క పత్రికలో నవలలు వ్రాయుట మన భాషలో అరుదు. ఆ నవలలను తెలుగుదేశమంతటను పిల్లలు చదివిరి. అయినను వ్రాసినవాని పేరు వారిలో నూటికొక్కనికైనను తెలిసి యుండదు. విశ్వవిద్యాలయములలోని తెలుగు శాఖలు ఈ గ్రంథములపై చూపిన శ్రద్ధ స్వల్పము. ఈ ఉపేక్షకు ఇప్పుడొక గడువు ఏర్పడినదని మేము తలచుచున్నాము. ఆ గడువు హైదరాబాదు పడమటి భాగమున, హైటెక్ సిటీ పరిసరములలో స్పష్టముగ కనబడుచున్నది. దానికి ముందు గ్రంథకర్తను గూర్చియు, గ్రంథములను గూర్చియు కొంత చెప్పవలసి యున్నది.

సుబ్రహ్మణ్యముగారు 1932లో గుంటూరు జిల్లాలో జన్మించిరి. చందమామను బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు 1947 జులైలో మదరాసున ప్రారంభించిరి. 1952లో కొడవటిగంటి కుటుంబరావుగారు సంపాదకబాధ్యతను స్వీకరించిరి. ఆ సంవత్సరముననే సుబ్రహ్మణ్యముగారును పత్రికలో చేరి, 2006 వరకు, అనగా యాభై నాలుగేండ్లు, అచ్చటనే పనిచేసిరి. 2010 జనవరిలో విజయవాడలో గతించిరి. పత్రికలో పనిచేయువారి రచనలకు పేరు వేయకుండుట చందమామ ఆచారము. కుటుంబరావుగారి పేరును సంపాదకునిగ ముఖపత్రమున కనబడలేదు. పేరు వేయనందున పాఠకుడు కథలన్నింటిని 'చందమామ చెప్పినది' అని భావించెను. పత్రికకు అది మేలు చేసినది. రచయితకు చేసినది మేలని చెప్పజాలము.

ధారావాహికల పేర్లును, అవి ప్రారంభమైన సంవత్సరములును ఇవి: తోకచుక్క 1954, మకరదేవత 1955, ముగ్గురు మాంత్రికులు 1957, కంచుకోట 1958, జ్వాలాద్వీపం 1960, రాకాసిలోయ 1961, పాతాళదుర్గం 1966, శిథిలాలయం 1968, రాతిరథం 1970, యక్షపర్వతం 1972, మాయాసరోవరం 1976, భల్లూక మాంత్రికుడు 1978. రాకాసిలోయకును పాతాళదుర్గమునకును నడుమ గల విరామమున బంకించంద్రుని దుర్గేశనందిని చందమామలో వెలువడెను. మాయలు మంత్రములు లేని ఆ చారిత్రక కథ పిల్లలకు రుచింపలేదనియు, అందుచే మరల దాసరివారి కలమే కావలసి వచ్చెననియు చందమామ అభిమానులలో ఒక వాడుక కలదు. వాడుకను వాడుకగనే గ్రహింపవలెను. కాని పత్రిక మరల ఆయనయొద్దకే మరలినదనుట సత్యము.

ఈ పండ్రెండింటిని వరుసగ చదివినచో ఒక మార్పు కనబడును. తోకచుక్కలో నాయకుడు సమరసేనుడు. అతడు కుండలినీద్వీపపు సేనాని. పెద్దవాడు, అధికారము గలవాడు, పరివారమును నడపువాడు. చిన్న పాఠకుడు అతనిని దూరమునుండి చూచి మెచ్చుకొనవలసినదే. రాకాసిలోయకు వచ్చునప్పటికి నాయకస్థానమున ఇరువురు యువకులు నిలిచిరి: కేశవుడు, జయమల్లు. అటుపై పాతాళదుర్గమున సోమకుడు, ధూమకుడు. శిథిలాలయమున శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతమున ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరమున జయశీలుడు, సిద్ధసాధకుడు. ఈ జంటలు యాదృచ్ఛికములని మేము అనుకొనజాలము. బాలుని లోకము తల్లిదండ్రులది. గృహస్థుని లోకము భార్యాబిడ్డలది. ఈ రెంటి నడుమ గల అయిదారేండ్ల లోకము స్నేహితునిది. రచయిత ఈ సంగతిని సిద్ధాంతముగ నెచ్చటను చెప్పలేదు. నాయకుని ప్రక్కన ఒక మిత్రుని నిలిపి ఊరకుండెను. ఇరువురున్నప్పుడు సంభాషణ పుట్టును, వాదము పుట్టును, పరిహాసము పుట్టును. ఒకడు కత్తిని నమ్మును, రెండవవాడు మంత్రదండమును నమ్మును. ఎవని నమ్మకము ఎచ్చట పనికివచ్చునో కథ తేల్చును. కిశోరనవల అను పేరునకు ఈ గ్రంథములు తగునా అని ఎవరైన అడిగినచో మేము ముందుగ చూపు ప్రమాణము ఇదియే.

మాంత్రికుల సంగతియు గమనింపదగి యున్నది. మన జానపద చలనచిత్రములలో మాంత్రికుడు ఒక్కడే, అతడు దుష్టుడు, చివర చచ్చును. తోకచుక్కలో ఏకాక్షికి ప్రతిగ చతుర్నేత్రుడు నిలిచెను. ఇరువురును మాంత్రికులే, ఇరువురును తమ లాభమును చూచుకొనువారే. సమరసేనుడు వీరిలో ఎవనిని ఎంతవరకు నమ్మవలెనో ప్రతి ప్రకరణమునను మరల నిర్ణయించుకొనుచుండవలెను. జ్వాలాద్వీపమున ఉగ్రాక్షుడను రాక్షసుడు నాయకునికి తోడుపడినవాడు. మంచి, చెడు అని పుట్టుకతో ముద్రవేసిన లోకము కాదిది. పెద్దల మాటను నమ్మవచ్చునా, ఎంతవరకు నమ్మవచ్చును అను శంక మొదట పొడసూపు వయస్సు పాఠకునికి ఇట్టి కథలపై మక్కువ కలుగుటలో వింత లేదు.

ఇవన్నియు స్వతంత్ర కల్పనలా అను ప్రశ్న పరిశోధకునికి సహజము. ముగ్గురు మాంత్రికులలో పింగళుడను జాలరి, అతని ఇరువురు స్వార్థపరులైన అన్నలు, సరస్సునొద్దకు వచ్చు మాంత్రికులు గల వృత్తాంతమునకు అరేబియన్ నైట్సులోని జూదరు కథతో దగ్గరి పోలిక కలదు. తక్కిన వానిలో ఇంత స్పష్టమైన మూలము మాకు కనబడలేదు. అదే కాలమున నండూరి రామమోహనరావుగారు స్టీవెన్సన్ నవలను కాంచనద్వీపముగ, మార్క్ ట్వెయిన్ నవలలను టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్, రాజు-పేద అను పేర్లతో తెలిగించి తెలుగు కిశోరులకు మహోపకారము చేసిరి. పాశ్చాత్య సాహసకథ తెలుగుపిల్లలకు ఆ దారిన వచ్చినది. దాసరివారిది వేరొక దారి. ద్వీపము, నౌక, నిధి అను పరికరములు రెండింటను ఉన్నను, దాసరివారి అడవి కథాసరిత్సాగరపు అడవికి చుట్టరికము గలది.

ఇక భాష. అది శిష్టవ్యావహారికము, ఏ జిల్లా యాసయు లేనిది, వాక్యములు పొట్టివి. కుటుంబరావుగారి సంపాదకత్వమున చందమామ వచనము మొత్తము ఒకే తీరునకు వచ్చినదని అందరును ఎరిగినదే. ఆ తీరులోనే దాసరివారు తమ విశేషమును చూపినది నామకరణమున. ఏకాక్షి అనగానే ఒంటికన్ను కనబడును. చతుర్నేత్రుడనగానే నాలుగు కన్నులు లెక్కకు వచ్చును. ఉగ్రాక్షుడు, శిఖిముఖి, జ్వాలాద్వీపం, శిథిలాలయం, ఇవన్నియు సమాసములు. విడదీసినచో అర్థము చేతికందును. పదియేండ్ల పిల్లవాడు సమాసమను మాట వినకముందే సమాసమును విప్పుట ఈ కథలలో నేర్చుకొనెను. మేమెరిగిన ఉపాధ్యాయులలో ఒకరు బహువ్రీహికి ఉదాహరణ అడిగినప్పుడు పీతాంబరుని విడిచి ఏకాక్షిని చెప్పుచుండిరి. తరగతిలో నవ్వు పుట్టెడిదట. పాఠము మాత్రము నిలిచెడిదట.

నవల అచ్చైన పద్ధతికిని చదువబడిన పద్ధతికిని గల భేదమును ఇచ్చట కొంత విస్తరింపవలెను. నెలకు ఏడెనిమిది పుటలు మాత్రము వచ్చును. ప్రతి భాగమునకు తలమీద జరిగిన కథ నాలుగైదు వాక్యములలో సంగ్రహింపబడి యుండును. చివర ఏదో ఒక ఆపద తలయెత్తును. 'ఇంకా ఉంది' అని ముగియును. చిత్రా అను పేరుతో ప్రసిద్ధులైన టి. వి. రాఘవన్‌గారి బొమ్మ ఆ ఆపదను ముందుగనే కొంత చూపి యుండును. పాఠకుడు నెలదినములు ఆ బొమ్మను మరల మరల చూచుచు కథను తనలో తాను నడపుకొనవలెను. ఇది ఒక పఠనము.

రెండవ పఠనము వేసవిది. ఏడాది సంచికలను కలిపి కుట్టించి అట్టవేయించుట, లేదా ధారావాహిక పుటలను మాత్రము జాగ్రత్తగ విడదీసి వేరుగ కుట్టుకొనుట చాల ఇండ్లలో ఉండిన అలవాటు. సెలవులకు అమ్మమ్మగారింటికో మేనమామగారింటికో వెళ్లిన పిల్లవానికి ఆ కుట్టుపుస్తకము అటకమీద దొరకును. మధ్యాహ్నము ఎండ తగ్గువరకు బయటికి పోనీయరు. చేతిలో పుస్తకము, ప్రక్కన మామిడిపండ్ల గంప. నెలల ఎడముతో వ్రాయబడిన నవలను మూడు దినములలో చదివివేయుట అప్పుడు జరిగెడిది. అట్లు చదివినప్పుడు ప్రతి భాగపు తలమీది సంగ్రహము అడ్డుపడును. పిల్లలు దానిని దాటివేయుదురు. కొందరు పంతముతో చదువుదురు. ఆపదలును నెలకొక్కటి కాక పూటకు మూడు నాలుగు వచ్చును. రచయిత ఉద్దేశించిన లయ వేరు, పాఠకునకు దక్కిన లయ వేరు. చందమామ ధారావాహికలను తలచుకొనువారిలో పెక్కురు నెలనెల ఎదురుచూచుటను చెప్పుదురు. వేసవి పఠనమును గూర్చి ఎవరును వ్రాయలేదు. నవలగ అవి మనస్సున నిలిచినది రెండవ పఠనముననే అని మా ఊహ. తోకచుక్క ఒక పుస్తకమను భావము అచ్చుపుస్తకము రాకముందే ఆ కుట్టుదారము వలన కలిగెను.

హైటెక్ సిటీ సంగతికి వత్తము. మాదాపురమున సైబర్ టవర్సును 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజపేయిగారు ప్రారంభించిరి. చందమామ ప్రచురణ మొదటిసారి దీర్ఘకాలము నిలిచిపోయినదియు ఆ 1998లోనే. 1999 డిసెంబరులో అది మరల వెలువడెను. 2007లో దానిని ముంబయికి చెందిన జియోడెసిక్ అను సాఫ్ట్‌వేరు సంస్థ కొనెను. 2013 నాటికి ప్రచురణ మొత్తముగ ఆగిపోయెను. ఈ రెండు చరిత్రలకు కార్యకారణ సంబంధము లేదు. అయినను ఒకే తరము ఈ రెంటి నడుమ నడచినది. 1970లలోను 1980లలోను అటకమీది కుట్టుపుస్తకమును చదివిన పిల్లలు పెద్దవారై, ఇంజనీర్లై, మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రాంగూడలలో స్థిరపడిరి. అంతర్జాలమున తెలుగు వ్రాత వ్యాపించిన తొలినాళ్లలో దాసరివారి పేరును వెలికి తెచ్చి చర్చించినవారిలో ఈ వృత్తివారు చాలమంది. కుటుంబరావుగారి కుమారులు, శాస్త్రజ్ఞులునగు కొడవటిగంటి రోహిణీప్రసాద్‌గారు తమ వ్యాసములలో దాసరివారి కృషిని వివరించిరి. ఏబది యేండ్లు మరుగుననున్న పేరు ఈ విధముగ, రచయిత బ్రతికియుండగనే, పాఠకులకు చేరినది. తెలుగు శాఖలు చేయవలసిన పనిని అభిమానులు చేసిరి.

ఈ ప్రాంతమున మరియొక విశేషము కలదు. చందమామ తమిళమున అంబులిమామా, మరాఠీలో చాందోబా, ఒడియాలో జహ్నమాము, మలయాళమున అంబిలి అమ్మావన్. తెలుగున వ్రాయబడిన ధారావాహిక ఆ యా భాషలలోనికి అనువదింపబడి అవే బొమ్మలతో వెలువడెను. ఈనాడు రాయదుర్గమునందలి ఒక కార్యాలయమున ప్రక్క ప్రక్కన కూర్చుండు తెలుగువాడును ఒడియావాడును తమ చిన్ననాటి పుస్తకములను గూర్చి మాటలాడుకొన్నచో, ఇరువురును ఒకే మాంత్రికుని చూచి భయపడినట్లు తెలియవచ్చును. ఇరువురును ఆ కథ తమ భాషదే అనుకొనుచుందురు. తెలుగునుండి ఇన్ని భాషలలోనికి వెళ్లి అక్కడి పిల్లలకు సొంతమైన ఆధునిక నవలలు వేరేవి ఎన్ని ఉన్నవో మన చరిత్రకారులు లెక్కించి చూతురుగాక.

ఈ తరమువారి బిడ్డల స్థితి వేరు. ఇంట తెలుగు మాటలాడుదురు. వినిన కథ బోధపడును. తెలుగు అక్షరము మాత్రము కష్టముగ కూడబలుక్కొందురు. కొందరికి అదియు లేదు. తెలంగాణ ప్రభుత్వము 2018లో చేసిన చట్టము వలన పాఠశాలలన్నింటను తెలుగు బోధన నిర్బంధమైనది. ఆ విద్యాసంవత్సరమున ఒకటవ, ఆరవ తరగతులతో ఆరంభించి క్రమముగ పైతరగతులకు విస్తరింపజేయవలెనని నిర్ణయించిరి. కేంద్రీయ పాఠ్యప్రణాళిక ననుసరించు పాఠశాలలలో తొమ్మిది, పది తరగతులకు 'వెన్నెల' అను సులభ వాచకమును వాడుకొనవచ్చునని 2025లో ఉత్తరువు వెలువడెను. వాచకము సులభమగుట మంచిదియో కాదో ఇచ్చట చర్చింపము. వాచకముతో అక్షరము వచ్చునే కాని చదువవలెనను ఆశ రాదు. ఆశ పుట్టించు గ్రంథము ఆ వయస్సునకు తగినదై యుండవలెను. పదమూడేండ్ల బాలునికి ఆరేండ్ల శిశువునకు చెప్పు కాకి-నక్క కథ ఇచ్చుట అవమానమే. అతడు ఆంగ్లమున హ్యారీ పాటరును ముగించి యుండును. తెలుగున అతని బుద్ధి పదమూడేండ్లది, కన్ను ఆరేండ్లది. ఈ ఎడమును పూరించుటకు దాసరివారి నవలలవలె తగినవి మరి లేవు. వాక్యము చిన్నది, విషయము చిన్నది కాదు.

తెలంగాణ పాఠశాలలకు వేసవి సెలవులు సాధారణముగ ఏప్రిల్ నాలుగవ వారము మొదలు జూన్ 11 వరకు ఉండును. ఏడు వారములు. ఆ వేళ ఈ ప్రాంతపు ఎత్తైన నివాసములలో పిల్లవానికి అటక లేదు, మేనమామ ఇంటికి పోవుట రెండు మూడు దినములకు కుదించుకొనిపోయినది. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము సుల్తానుబజారున ఉన్నది. 1891లో పుట్టిన ఆసఫియా, ఇప్పటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము, అఫ్జల్‌గంజున ఉన్నది. మే మాసపు ఎండలో పండ్రెండేండ్లవాడు ఒంటరిగ అంత దూరము పోజాలడు. కావున పుస్తకము ఇంటికి రావలెను, ఇంట ఎవరైన చదివి వినిపింపవలెను.

చదివి వినిపించుట అనగనే పసిపిల్లలకు చేయు పనియని తలచువారు కలరు. ఈ నవలల విషయమున ఆ తలపు సరికాదు. ఇవి చెవికి అనువుగ వ్రాయబడినవి. సంభాషణ ఎక్కువ, వర్ణన తక్కువ, ఒక్కొక్క భాగము ఇరువది నిమిషములలో ముగియును, ముగింపున ఆపద సిద్ధముగ నుండును. అమ్మయో తాతయో రాత్రి ఒక భాగము చదివి అచ్చట ఆపినచో నెలనాటి నిరీక్షణ ఒక్క దినమునకు కుదిరి మరల ప్రాప్తించును. మరునాటి వరకు ఓర్చుకొనలేని పిల్లవాడు పగటిపూట తానే పుస్తకము తెరచి కూడబలుక్కొనుట మేము చూచితిమి. ఆ కూడబలుకులో చతుర్నేత్రుడు అను మాట మొదట గుదిబండ. ఒక్కసారి విప్పుకొన్న పిమ్మట అది ఏ పుటలో కనబడినను చిత్రమువలె గుర్తుపట్టును. సంయుక్తాక్షరములు నేర్పుటకు మన వాచకములు చేయు ప్రయాస కంటె ఈ మార్గము తేలిక. ఇటీవల ఈ ధారావాహికలను గొంతుతో చదివి అంతర్జాలమున ఉంచుచున్నవారు కలరు. వారి శ్రమను మెచ్చవలెను. కాని విని ఊరకున్నచో కన్ను ఆరేండ్లదిగనే మిగులును. పుస్తకము ప్రక్కన తెరచి యుంచుకొని వినుట మేలు.

ఈ గ్రంథములలో లోపములు లేవని మేము చెప్పము. పండ్రెండింటిని ఒక్క వేసవిలో చదివినచో సన్నివేశములు పునరుక్తములుగ తోచును. కొండగుహ, మొసలి, పెద్దపక్షి, బంధింపబడుట, తప్పించుకొనుట, మరల బంధింపబడుట. నెలల ఎడముతో ఇవి బాధింపవు, వరుసగ చదివినప్పుడు విసుగు పుట్టించును. స్త్రీపాత్రలు తక్కువ. ఉన్నవారిలో పెక్కురు అపహరింపబడుటకో వెదకబడుటకో ఉన్నవారు. ఈనాటి పదమూడేండ్ల బాలిక దీనిని వెంటనే పట్టుకొని అడుగును, అడుగనిండు. అడవిజాతులవారి వర్ణనలో నాటి దురభిప్రాయములు కొన్ని దొరలినవి. శిథిలాలయమున అడవిజాతి యువకుడైన శిఖిముఖి కథానాయకుడగుట మాత్రము ఆ కాలపు తెలుగు నవలకు అసాధారణము. ఈ విషయముపై ఒక పరిశోధన వ్యాసము రావలసి యున్నది.

పరిశోధనకు చేయవలసిన పనులలో మొదటిది పాఠనిర్ణయము. దాసరివారి మరణానంతరము హైదరాబాదునుండి వాహినీ బుక్ ట్రస్టు మొదలగు ప్రచురణసంస్థలు కొన్ని నవలలను గ్రంథరూపమున తెచ్చినవి. ఇది ఉపకారము. కాని ప్రతి భాగపు తలమీది సంగ్రహములను ఉంచవలెనా, తీసివేయవలెనా? అవి ఎవరు వ్రాసినవి, రచయితయా, సంపాదకులా? సంచికకును సంచికకును నడుమ పేరు మారిన పాత్రలను ఏమి చేయవలెను? బొమ్మలు ఎన్ని, ఏ చోట? చిత్రాగారు 1978లో గతించిరి. ఆయన బొమ్మలు లేని తోకచుక్క సగము తోకచుక్కయే. గచ్చిబౌలిలోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, అనగా ట్రిపుల్ ఐటీ, 1998లో వెలసి, రాజ్ రెడ్డిగారి ప్రేరణతో సాగిన భారత డిజిటల్ గ్రంథాలయ యత్నమున ఒక ముఖ్యకేంద్రముగ పనిచేసెను. వేలకొలది తెలుగు గ్రంథములు ఆ యత్నము వలన పుటలు పుటలుగ చిత్రించి భద్రపరుపబడినవి. దానికి సమీపముననే హైదరాబాదు విశ్వవిద్యాలయమున తెలుగు శాఖ కలదు. యంత్రమును విద్వాంసుడును ఇంత దగ్గరనున్న చోటు తెలుగుదేశమున మరియొకటి లేదు. చందమామ పాతసంచికల కాగితము మాత్రము ఏటేట పెళుసెక్కుచున్నది.

రెండవది హక్కుల సంగతి. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము ప్రకారము పేరులేని రచనకు ప్రచురణ నాటినుండి 60 ఏండ్ల రక్షణ. ఆ గడువులోగ రచయిత ఎవరో వెల్లడియైనచో అతని మరణానంతరము 60 ఏండ్లు. అనగా దాసరివారి పేరు బయటపడుట సాహిత్యచరిత్రకు సంబంధించిన విషయము మాత్రమే కాదు, తోకచుక్కను ఎవరు ఎప్పుడు స్వేచ్ఛగ అచ్చువేయవచ్చునను ప్రశ్నకును సంబంధించినది. ఉద్యోగిగ వ్రాసిన రచనపై యజమాని హక్కు వేరొక ముడి. దీనిని న్యాయవేత్తలు విప్పవలెను; రచయిత ఎవరనుటకు సాక్ష్యమును సేకరించి భద్రపరచుట మాత్రము మన పని. ఆయనతో పనిచేసినవారు ఒక్కరొక్కరుగ గతించుచున్నారు. శంకర్ అను పేరుతో చందమామకు ఆరు దశాబ్దములు బొమ్మలు వేసిన కె. సి. శివశంకరన్‌గారు 2020లో కాలధర్మము నొందిరి. రోహిణీప్రసాద్‌గారు 2012లోనే గతించిరి. మూడవది బొమ్మరిల్లు పత్రికకు దాసరివారు వ్రాసిన మృత్యులోయ వంటి చందమామేతర రచనలను ఈ పండ్రెండింటితో పోల్చిచూచుట. పత్రిక మారినప్పుడు ఆయన వచనము మారినదా అను ప్రశ్నకు సమాధానము దొరకినచో, చందమామ శైలిలో కుటుంబరావుగారి పాలెంత, దాసరివారి పాలెంత అను చిక్కు కొంత విడిపోవును.

ఏ నవలతో ప్రారంభింపవలెనని తల్లిదండ్రులును ఉపాధ్యాయులును అడుగుచుందురు. చాలమంది పెద్దలు తోకచుక్కనే ఇత్తురు. అది తాము మొదట చదివినది, లేదా తమ తండ్రులు చెప్పగా వినినది. మా అనుభవమున అది తొలి మెట్టు కాదు. దానిలో ద్వీపములు, మాంత్రికులు, వారి అనుచరులు త్వరత్వరగ వచ్చిపడుదురు. తెలుగు కూడబలుక్కొను పిల్లవానికి పేర్లు కలిసిపోవును. మాయాసరోవరముతో ఆరంభించుట మేలు. జయశీలుడు, సిద్ధసాధకుడు ఇరువురే ముఖ్యులు, హాస్యము ఎక్కువ. పైగ దుర్గం చెరువు ఒడ్డున, కుతుబ్‌షాహీల నాడు గోలకొండకు మంచినీరిచ్చిన ఆ చెరువుపై 2020లో కట్టిన తీగల వంతెనను కిటికీనుండి చూచు పిల్లలకు సరోవరమున మాయ దాగియుండుననుట నమ్మశక్యమే. తరువాత శిథిలాలయము. ఆపై రాకాసిలోయ, ఇది మిక్కిలి పొడవైనది, మే మాసమంతయు పట్టును. తోకచుక్కను జూన్ మొదటి వారమునకు ఉంచుకొనవలెను. అప్పటికి అక్షరము కుదురుకొని యుండును, ఏకాక్షిని చతుర్నేత్రుని వేరుచేసి చూడగల ఓర్పు వచ్చి యుండును. బడి తెరచునాటికి పుస్తకము ముగియకున్నను నష్టము లేదు. నెలకొక్క భాగము చొప్పున చదివినను అది అట్లు చదువుటకే వ్రాయబడినది.